కోడెను కొనేముందు గుణం ఎలా చూడాలి, ఇంటికి తెచ్చాక ఎలా మచ్చిక చేయాలి

సంతలో కోడెను బేరమాడేటప్పుడు మనవాళ్లు చూడనిది ఉండదు. రెండు పళ్లా నాలుగు పళ్లా, మూపురం నిలబడిందా పక్కకి వాలిందా, గంగడోలు, కొమ్ము, గిట్ట, తోక కుచ్చు, ఒంటి మీద సుడులు, అన్నీ తడిమి తడిమి చూస్తారు. గుణం దగ్గరికొచ్చేసరికి మాత్రం బేరగాడి ఒక్క మాటతో సరిపెట్టుకుంటారు. "చిన్నపిల్లోడు తాడు పట్టుకున్నా వెనకాలే వస్తదండీ" అంటాడు, డబ్బులిచ్చేస్తారు. ఇంటికి తోలుకొచ్చాక ఆడవాళ్లు కుడితి తొట్టి దగ్గరికి వెళ్లడానికి భయపడుతుంటే అప్పుడు తెలుస్తుంది ఏం కొన్నామో.

ఒంగోలు జాతి కోడెలు, ఆవులు కొనేవాళ్ల కోసం ఇది రాస్తున్నా. గేదెలకీ, మాంసానికి పెంచే దున్నలకీ కూడా చాలావరకు ఇదే లెక్క.

ముందే ఒక మాట చెప్పేస్తా, కొంతమందికి నచ్చకపోవచ్చు. మనకి పొగరు గొడ్డంటే మోజు. బుసకొడుతూ, తాడు తెంపుకునేలా గుంజుతూ, నలుగురు పట్టుకున్నా నిలవకుండా ఉంటే "అబ్బ, ఏం రోషం" అని పైన ఇంకో పదివేలు పెట్టేవాళ్లున్నారు. అలా గుంజేవాటిలో ఎక్కువ భాగం రోషంతో కాదు, ప్రాణభయంతో గుంజుతుంటాయి. ఆ భయానికి మీరు డబ్బులు ఎక్కువ ఇచ్చి, తర్వాత ఏళ్ల తరబడి ఇంకా కడుతూ ఉంటారు.

ఎలా కడతామో చూడండి

మన ఒంగోలు పశువులు బ్రెజిల్ వెళ్లి అక్కడ నెలోర్ అనే జాతి అయ్యాయని అందరికీ తెలిసిన సంగతే. 1868లో ఒక జంట అక్కడి బాయియా తీరంలో దిగింది, తర్వాత విడతలు విడతలుగా వెళ్లాయి, 1960ల మొదట్లో ఒంగోలు పక్కన కరవది నుంచి వెళ్లిన ఆబోతు పేరు ఇప్పటికీ అక్కడి వంశవృక్షాల్లో కనిపిస్తుంది. అక్కడ వాటిని పెంచేది మాంసానికి. వేల ఎకరాల పచ్చిక, మందలు మందలుగా పశువులు, మనిషి దగ్గరకొచ్చేది టీకాకో తూకానికో ముద్ర వేయడానికో, అదీ ఏడాదిలో కొన్నిసార్లు. ఆ కొన్నిసార్లూ నొప్పి కలిగించే పనులే. అందుకే ఇక్కడ సాధువుగా పేరున్న రక్తమే అక్కడ బెదురుకి పేరు పడింది. మన దగ్గర దూడ పుట్టినప్పటి నుంచీ మనిషి చేతికింద పెరుగుతుంది, తేడా అక్కడుంది. జాతి మంచిదైతే చాలు, గుణం దానంతటదే వస్తుందనుకునేవాళ్లు ఈ ఒక్క విషయం గుర్తుపెట్టుకోవాలి.

మాంసం పశువులు పెంచే దేశాల్లో ఈ బెదురుని ఊరికే వదల్లేదు, కొలిచారు. ఆస్ట్రేలియాలో 1988 నాటికే ఒక పద్ధతి పెట్టారు: తూకం వేసే బోను తలుపు తీయగానే పశువు 1.7 మీటర్ల దూరం ఎంత వేగంగా దాటుతుందో లెక్కపెట్టడం. తాపీగా నడిచి వెళ్తే నెమ్మది గొడ్డు, బాణంలా దూసుకుపోతే బెదురు గొడ్డు. అమెరికాలో కొలరాడో స్టేట్ విశ్వవిద్యాలయం వాళ్లు బోనులో పశువుల తీరుకి మార్కులేసి చూస్తే, గాబరా పడేవి రోజుకి పెరిగే బరువులో వెనకబడ్డాయి. బ్రాహ్మన్ (మన మూపురం పశువుల నుంచి అమెరికాలో తయారైన జాతి) సంకర పశువుల్లో అలాంటి వాటి మాంసం గట్టిగా ఉండటం, రంగు నల్లబడటం కూడా ఎక్కువగా కనబడింది. ఆ ఫలితాలు 1997లో అచ్చయ్యాయి.

నల్లబడటం ఎందుకంటే, భయపడ్డ పశువు కండల్లో దాచుకున్న చక్కెర నిల్వను ముందే కాల్చేసుకుంటుంది. కోసిన తర్వాత కండలో ఆమ్లం తయారవ్వాలంటే ఆ నిల్వ ఉండాలి. అది లేకపోతే మామూలుగా 5.5 దగ్గరికి దిగాల్సిన పీహెచ్ 6 దగ్గరే ఆగిపోతుంది, మాంసం ముదురు రంగులో జిగురుగా ఉంటుంది, తొందరగా పాడవుతుంది. దున్నలను లారీకెక్కించే ముందు కర్రలతో బాదేవాళ్లు తమ సరుకు ధరను తామే బాదుకుంటున్నట్టు.

మాంసం సంగతి మనకెందుకంటారా, పాల దగ్గర చూడండి. బెదిరిన ఆవు చేపదు. పొదుగులో పాలున్నా దిగవు, ఎందుకంటే పాలు దింపే హార్మోన్ పనిని భయంతో పుట్టే అడ్రినలిన్ అడ్డుకుంటుంది. మనం దూడను వదిలి, తవుడు పెట్టి, అయినా చేపకపోతే సూది మందు అంటాం. ఎద సూది (కృత్రిమ గర్భధారణ) వేయించేటప్పుడు ట్రెవిస్‌లో, అంటే పశువును కదలకుండా నిలబెట్టే చట్రంలో, గింజుకునే పెయ్య కట్టు నిలవడం కష్టం. మనిషి అలికిడికి ముందే అలవాటు చేసిన బ్రాహ్మన్ సంకర పెయ్యలు తొందరగా ఎదకొచ్చాయని ఫ్లోరిడాలో చూశారు. టీకా వేసినా బెదురు గొడ్డు ఒంట్లో రక్షణ తక్కువగా పుడుతుందని కూడా పరిశోధనలున్నాయి. ఇక విరిగిన కట్టుకొయ్యలు, తెగిన పలుపులు, పక్కటెముకలు విరిగిన జీతగాడి ఆసుపత్రి ఖర్చు, అవన్నీ మీరే వేసుకోండి.

బెదురు వేరు, కుమ్మే గుణం వేరు

ఈ రెండూ దూరం నుంచి ఒకేలా కనబడతాయి. దగ్గర్నుంచి చూస్తే తేడా తెలిసిపోతుంది.

బెదురు గొడ్డు మీ నుంచి దూరంగా జరగాలని చూస్తుంది. తల పైకెత్తుతుంది, చెవులు నిమిషానికోవైపు తిరుగుతాయి, కంటి చుట్టూ తెల్లగుడ్డు బయటికొస్తుంది, తోక అదేపనిగా ఆడిస్తుంది, పలచగా పేడ వేస్తుంది. మీరు రెండడుగులు వెనక్కి వేస్తే కాస్త సర్దుకుంటుంది. ఇది మచ్చికవుతుంది, కొనొచ్చు, ధర తగ్గించి.

కుమ్మే గొడ్డు మీవైపు వస్తుంది. ముందుగా పక్కకి తిరిగి తన ఒళ్లంతా మీకు చూపిస్తుంది, నేనెంత ఉన్నానో చూడు అన్నట్టు. మెడ వంచుతుంది, తల దించుతుంది, కళ్లు ఉబ్బినట్టు ఉంటాయి, వెన్ను మీద వెంట్రుకలు లేస్తాయి, కాలు దువ్వుతుంది, కొమ్ముతో మట్టి ఎగజిమ్ముతుంది. మీరు వెనక్కి వెళ్తే అది ఇంకో అడుగు ముందుకేస్తుంది. ఇలాంటిది వందలో ఒకటో రెండో ఉంటుందేమో, కానీ ఎంత అందంగా ఉన్నా, ఎంత చవగ్గా వచ్చినా కొనకండి. ఇంట్లో పిల్లలూ ముసలివాళ్లూ ఉంటే అసలు ఆలోచించొద్దు.

కొత్తగా ఈనిన ఆవు కొమ్ము విసిరితే మాత్రం దాన్ని లెక్కలోకి తీసుకోకండి. దూడ కోసం చేసే పని అది, కొన్నాళ్లకి తగ్గుతుంది. ఆ రోజుల్లో ఆవుకీ దూడకీ మధ్యలో నిలబడకపోతే చాలు.

సంతలో చూసే పద్ధతి

బేరం మొదలుపెట్టకముందే, అది మీకు నచ్చిందన్న సంగతి ఎవరికీ తెలియకముందే, దూరంగా ఒక చెట్టుకింద నిలబడి ఓ పావుగంట చూడండి. పక్క పశువు తగిలితే ఏం చేస్తోంది, మోటార్ సైకిల్ హారన్ కొడితే ఏం చేస్తోంది. ఉలిక్కిపడటం తప్పు కాదు, ప్రతి పశువూ ఉలిక్కిపడుతుంది. ఆ తర్వాత ఎంతసేపట్లో మళ్లీ నెమరు మొదలెట్టిందో చూడాలి, అసలు పరీక్ష అదే. నెమరేస్తున్న గొడ్డు చప్పుడికి ఆపేసి, చెవి తిప్పి, అరనిమిషంలో మళ్లీ దవడ ఆడిస్తే మంచి గొడ్డు. పావుగంటైనా తల దించకపోతే ఆలోచించుకోండి. కొంతమంది మొహం మీద టక్కున గొడుగు తెరిచి పరీక్ష చేశామంటారు. దానికి ఏ గొడ్డైనా ఎగురుతుంది, అందులో తెలిసేదేమీ లేదు.

రాత్రంతా లారీలో నిలబడి వచ్చిన పశువు తెల్లారి సాధువులా కనిపిస్తుంది. అది అలసట. వీలైతే నీళ్లు తాగి, మేత తిని, కాసేపు పడుకుని లేచాక చూడండి. అన్నిటికన్నా మంచిది అది పెరిగిన కొట్టం దగ్గరికే వెళ్లి, ఆ ఇంట్లో మనుషులు దాని దగ్గర ఎలా మసలుతున్నారో చూడటం. ఇంటావిడ దాని మెడ కిందనుంచి వంగి పేడ తీస్తుంటే ఇంక మీరు అడగాల్సింది ఏమీ లేదు.

తర్వాత దగ్గరికి వెళ్లండి. ఎదురుగా మొహంలోకి వెళ్లొద్దు, వెనకనుంచి అసలే వద్దు, తోక వెనక నేరుగా దానికి కనబడదు. భుజానికి ఏటవాలుగా, ఏదో ఒకటి మాట్లాడుతూ నెమ్మదిగా నడవండి. ఎంత దూరంలో ఉండగా తలెత్తి కాలు కదిపిందో గమనించండి. బాగా మచ్చికైన ఎద్దు మీరు చెయ్యి వేసేదాకా కదలదు. మేతకి అడవికి తోలే మందల్లోని పశువు నాలుగైదు బారల దూరంలోనే జరుగుతుంది, అది అలవాటు లేకపోవడమే తప్ప చెడ్డ గుణం కాదు. చెయ్యి ముందు భుజం మీద వేయండి, వెన్ను మీదుగా డొక్క దాకా, తర్వాత కాళ్ల మీదకి. ఒకసారి తాడు యజమాని చేతిలోంచి మీరు తీసుకుని పది అడుగులు నడిపించండి, విప్పి మళ్లీ కట్టమనండి. అమ్మేవాడు తాడు ఇవ్వడానికి వెనకాడితే మీకు జవాబు దొరికినట్టే.

ఒంటి మీద గుర్తులు కూడా కథ చెబుతాయి. ముక్కు దూలం చీలి మానిన మచ్చ, ముందరికాళ్లకి బందం వేసిన చారలు, రెండో ముకుతాడు, విరిగిన కొమ్ము కొస, ఇవి కనబడితే ఎందుకని అడగండి. కుప్పెలు, గంటలు, పూసల పట్టెడలు చూసి మురిసిపోవద్దు.

సుడుల సంగతి అడుగుతారు కాబట్టి చెబుతున్నా. మన సుడిశాస్త్రంలో చాలా భాగం యజమానికి అచ్చిరావడం, రాకపోవడం గురించి, దాన్ని పక్కన పెట్టేద్దాం. అయితే నుదుటి సుడి గురించి అమెరికాలో పశువుల ప్రవర్తన మీద పనిచేసే శాస్త్రవేత్త టెంపుల్ గ్రాండిన్ బృందం దాదాపు 1500 పశువులను చూసి 1995లో రాసింది: సుడి కళ్ల వరస కంటే పైన ఉన్న పశువులు బోనులో కట్టేసినప్పుడు ఎక్కువ గింజుకున్నాయని. పూర్తిగా కొట్టిపారేయాల్సింది కాదన్నమాట, కానీ ఒక్క సుడిని చూసి కొనడమో మానడమో చేయొద్దు. నెమరు పరీక్షే దానికంటే మీకు ఎక్కువ చెబుతుంది.

తల్లిని చూడండి

గుణంలో ఇంచుమించు మూడో వంతు రక్తంలోంచి వస్తుందని, మిగతాది పెంపకం అని పశువుల శాస్త్రం లెక్క, జాతిని బట్టి అటూఇటూగా. మూడో వంతంటే తక్కువేం కాదు, ఎంపిక చేసుకుంటూ పోతే రెండు మూడు తరాల్లో తేడా కనబడుతుంది. అమెరికాలో లిమూజిన్ అనే మాంసం జాతి పశువులు పెంచేవాళ్లు 1990ల్లోనే ఆబోతు పిల్లలు ఎంత నెమ్మదిగా ఉంటాయో అంచనా వేసి కేటలాగ్‌లో అచ్చేయడం మొదలెట్టారు, కుమ్మే జాతి అని పడ్డ పేరు పోగొట్టుకోవడానికి. మన దగ్గర ఎద సూది వేయించుకునేటప్పుడు ఎవరైనా పాల లెక్క అడుగుతారు, గుణం అడగరు. అడగండి. గుంటూరు దగ్గర లాం పశు పరిశోధన ఫారంలోనో, ఊళ్లో పేరున్న ఆబోతు దగ్గరో, దాని కూతుళ్లను పాలు పిండేవాళ్లతో రెండు నిమిషాలు మాట్లాడితే తెలిసిపోతుంది.

బండలాగుడుకి పొగరు ఉండాలి కదా అనేవాళ్లకి: మైకులు, ఈలలు, డప్పుల మధ్య కాడికింద కదలకుండా నిలబడి, అదిలించినప్పుడే లాగే జతకి విలువ. చప్పుడుకల్లా ఎగిరేది బండ దగ్గరికి వెళ్లేలోపే సగం బలం ఖర్చు పెట్టేసుకుంటుంది.

ఇంటికి తెచ్చాక

దింపేటప్పుడే సగం పాడుచేస్తారు. లారీ వెనక గట్టు గానీ మట్టిదిబ్బ గానీ ఉన్నచోట ఆపండి, గడ్డి పరవండి, తోక మెలిపెట్టొద్దు, ఊరంతా చుట్టూ చేరి కేకలు వేయొద్దు. పశువు చెవి మనకంటే సన్నని చప్పుళ్లు వింటుంది, మన కేక దానికి దెబ్బతో సమానం. ఒక్కదాన్నే విడిగా కట్టడం కూడా పొరపాటు. ఒంటరిగా పడ్డ గొడ్డే గోడలు దూకుతుంది, పక్కన పాత ఆవునో ఎద్దునో కట్టేస్తే దాన్ని చూసి ఇది కుదురుకుంటుంది. కొన్నచోట తిన్న మేతే కొన్నాళ్లు పెట్టండి, తర్వాత మార్చుకోవచ్చు.

మొదటి వారం ఒక్క మనిషే మేత వేయాలి, ఒక్కరే నీళ్లు పెట్టాలి. తవుడు బుట్ట పట్టుకుని కాస్త దూరంలో ఊరికే కూర్చోండి, దాని వైపు చూడకుండా ఫోన్ చూసుకోండి. ముట్టుకోవాలని తొందరపడొద్దు. అదే మూతి చాపి వాసన చూస్తుంది. అప్పుడు కూడా చెయ్యి మొహం మీదకి పోనివ్వకుండా మెడ కింద, గంగడోలు మొదట్లో గోకండి. నచ్చితే మెడ సాగదీసి, కళ్లు సగం మూసి నిలబడిపోతుంది. అక్కడిదాకా వచ్చిందంటే ముకుతాడు పనులన్నీ తేలిక.

నడిపించడానికి కర్ర కంటే మీరు నిలబడే చోటు ముఖ్యం. దాని భుజం దగ్గర ఒక గీత ఉందనుకోండి. మీరు ఆ గీతకి వెనక నిలబడి ఒక అడుగు దగ్గరికేస్తే అది ముందుకి నడుస్తుంది, గీతకి ముందు నిలబడితే ఆగుతుంది లేదా వెనక్కి తగ్గుతుంది. అది కదలగానే మీరు ఆగిపోవాలి, చాలామంది మర్చిపోయేది ఇదే. కదిలినా అదిలిస్తూనే ఉంటే, కదలడం వల్ల లాభం లేదని దానికి అర్థమవుతుంది, మొండికేస్తుంది. ఎక్కడైనా ఆగిపోయి అడుగేయకపోతే కొట్టకుండా ముందు అది చూస్తున్న వైపు చూడండి. గాలికి ఊగే పట్టా, నేల మీద నీళ్ల పైపు, తడి సిమెంటు మెరుపు, గుమ్మం దగ్గర నీడ. ఎండలోంచి చీకటి కొట్టంలోకి వెళ్లనంటే లోపల బల్బు వేయండి, చాలాసార్లు అంతే సరిపోతుంది.

గోగొడ్లు తన్నేది వెనక్కే కాదు, ముందుకీ పక్కకీ కూడా. అందుకని వాటి పక్కన ఉంటే ఒంటికి ఆనుకుని ఉండండి, లేదంటే పూర్తిగా అందనంత దూరంలో. మధ్యలో నిలబడితేనే మోకాలు పోయేది. ఎన్నిసార్లు చెప్పినా వినని ఇంకో సంగతి: పలుపు చేతికి గానీ నడుముకి గానీ చుట్టుకోవద్దు. గొడ్డు ఎంత సాధువైనా సరే, కుక్క మొరిగిందని పరుగెత్తితే మిమ్మల్ని ఈడ్చుకుపోతుంది.

టీకాల రోజు ఒక చిన్న పుస్తకం పట్టుకుని ట్రెవిస్ పక్కన నిలబడండి. బయటికొచ్చేటప్పుడు నడిచిందా, ఉరికిందా, ఎగిరి దూకిందా, చెవి ట్యాగ్ నంబర్ పక్కన 1, 2, 3 అని రాసుకోండి. గాలికుంటు టీకా అప్పుడు ఒకసారి, తర్వాతి టీకాకి ఇంకోసారి. రెండుసార్లూ 3 పడ్డదాని పిల్లను మందలో ఉంచుకోవాలా వద్దా అన్నది అప్పుడు మీకే తెలుస్తుంది. ఖర్చు లేని పని, కానీ చేసేవాళ్లు తక్కువ.

దూడ దగ్గర జాగ్రత్త

ముద్దొస్తుందని పిల్లలు కోడెదూడ నుదురు మీద చెయ్యి పెట్టి నెడుతూ ఢీ ఆట ఆడతారు. అది నేర్చుకుంటుంది. 40 కిలోలప్పుడు నవ్వొచ్చే ఆటే 400 కిలోలప్పుడు కూడా ఆడుతుంది, దానికి తేడా తెలియదు. మెడ గోకమనండి, నుదురు మాత్రం ముట్టుకోనివ్వొద్దు. సీసా పాలతో, తోటి దూడలు లేకుండా మనుషుల మధ్యే పెరిగిన కోడె కూడా పెద్దయ్యాక ప్రమాదం, హియర్‌ఫోర్డ్ అనే మాంసం జాతి కోడెల మీద అమెరికాలో ఇది చూశారు. మనిషిని తన జాతిలో ఒకడిగా లెక్కేసి పోటీకొస్తుంది. కనీసం ఇంకో దూడను తోడు కట్టండి.

విత్తులు నొక్కించి ఎద్దును చేస్తే కుమ్మే గుణం తగ్గుతుంది. భయం మాత్రం దానితో పోదు, దానికి పైన చెప్పిన మచ్చికే మార్గం.

ఉన్నట్టుండి మారితే

ఇన్నాళ్లూ నెమ్మదిగా ఉన్నది ఒక్కసారి తిరగబడితే గుణం మారిందనుకోవద్దు, ముందు నొప్పి ఎక్కడో వెతకండి. పాలు పిండేటప్పుడు తన్నితే చన్ను పగుళ్లు, పొదుగువాపు చూడండి. తల ఒక పక్కకి వంచి విదిలిస్తుంటే కొమ్ము క్యాన్సర్ కావచ్చు, ఒంగోలు ఎద్దుల్లో అది ఉన్నదే. గొంతు బొంగురుపోయి అదేపనిగా అరవడం, చొంగ కారడం, మింగలేకపోవడం, ఎదురొచ్చినదాన్నల్లా కుమ్మడం కనబడితే పిచ్చికుక్క కరిచిందేమో అనుకోవాలి. గొంతులో ఏదో అడ్డుపడిందని నోట్లో చెయ్యి పెట్టొద్దు. విడిగా కట్టి, పశువుల డాక్టరుకి ఫోన్ చేసి, దాని చొంగ తగిలిన ఇంట్లోవాళ్లందరూ అదే రోజు ఆసుపత్రికి వెళ్లి చూపించుకోండి.

ఎదురుగా కాలు దువ్వే ఆబోతు ఉంటే వీపు తిప్పి పరుగెత్తకుండా, దాన్ని చూస్తూ ఏటవాలుగా వెనక్కి నడుస్తూ బయటపడండి. కొట్టం కట్టేటప్పుడే మనిషి పక్కకి తిరిగి దూరగలిగినంత, గొడ్డు దూరలేనంత సందు ఒకటి కొయ్యల మధ్య వదలండి.

ఇంత చేసినా కుమ్మడం మానలేదంటే అమ్మేయండి. కొనేవాడికి సంగతి చెప్పే అమ్మండి, నాలుగు డబ్బులు తగ్గుతాయి, తగ్గనివ్వండి. ముకుతాడూ తలపలుపూ కొత్తవి వేసి పంపండి, నానిన పాత తాడు లారీ ఎక్కించేటప్పుడే తెగుతుంది.